ఎనిమిది వరసలు

మొదటి రోజు

సదానందం సారు ఈ బుక్కు చేతిలో పెట్టి, డ్యూటీలో జరిగింది జరిగినట్టు రాయమన్నాడు. ఎంత రాయాలో చెప్పలేదు. తక్కువ రాస్తే ఏదో దాచానంటారేమో, ఎక్కువ రాస్తే కాగితం పాడు చేశానంటారేమో. నేను మూడో తరగతి దాకా చదివిన దాన్ని. దాచానన్న మాట పడటం కన్నా కాగితం పాడు చేశానన్న మాట పడటమే నయమనుకుని అన్నీ రాస్తున్నాను.

నా పేరు ఓదెవ్వ. రెండో గల్లీలో ఉంటాను. గాలి చిట్టా కొట్టడం నా పని. మా తాతలు బొగ్గు తవ్విన ఈ బాయిలోనే ఇప్పుడు మేం కాపురాలు చేస్తున్నాం. గల్లీలు తొమ్మిది. పైన పంకాలు ఎంత తిరిగితే కింద అంత గాలి. ఏ గల్లీకి ఎన్ని గంటలు వదలాలో సదానందం సారు పొద్దున్నే చీటీ రాసి ఇస్తాడు. దాన్ని నేను మీటల మీద కొడితే, గంట మోగగానే పెద్ద పెట్టె చదువుకుని ఆ గల్లీల గాలి తూములు తెరుస్తుంది.

వినడానికి చిన్న పనే. కానీ వరస తప్పకూడదు. మాటకూ మాటకూ మధ్య ఒక్క ఖాళీనే ఉండాలి. పొరపాటున రెండు పడితే పెట్టె మొండికేసి ఎర్ర దీపం పెడుతుంది, బాయంతా బూర మోగుతుంది. అందుకని నేను కొట్టిన ప్రతి వరసనూ వేలితో తడిమినట్టు చూసుకుంటాను. ఆరేళ్ళలో బూర రెండుసార్లే మోగింది. ఆ రెండుసార్లూ మూడు రోజులు అన్నం ముట్టలేదు.

అంకెలు కొట్టకూడదు, మాటల్లోనే కొట్టాలి. పెట్టెను నిలబెట్టిన పాత ఇంజనీరు రాజనర్సు పెట్టిన పద్ధతి అది. అంకెల్లో వేలు జారితే ఇంకో అంకె అయి కూర్చుంటుంది, ఎవరికీ తెలియదు. మాటలో వేలు జారితే పెట్టె అర్థం కాలేదంటుంది. ఆయన ఇప్పుడు లేడు. మంచి పద్ధతి పెట్టి పోయాడు.

ఈ రోజు సదానందం సారు అవతలి బాయి నుంచి కొత్త పనిముట్టు ఒకటి తెచ్చాడు. వేలెడంత బిళ్ళ. పెట్టెకు గుచ్చాడు.

"అవ్వా, ఇగ నీకు ఖాళీల బాధ లేదు. నీకు తోచినట్టు కొట్టు. అన్ని గొట్టినంక కింద 'సర్దు' అని కొట్టి, పెద్ద మీట నొక్కు. అదే వరస పెడ్తది, అదే ఖాళీలు సమానం జేస్తది. ఒక్కటే రెండుసార్లు పడితే ఒకటి తీసేస్తది. ఎక్కువ తక్కువ రాతలుంటే అవి గూడ తీసేస్తది."

"తీసేస్తదా? ఏది తీసేయాల్నో దానికెట్ల ఎరుక సారూ?"

"ఎరుకైతది. అవతలి బాయిల పదినెలల సంది నడుస్తంది. వాళ్ళకు ఒక్కసారన్న బూర మోగలేదట."

"తీసేసింది మళ్ళ మనకు చూపిస్తదా?"

"చూపెట్టుమంటే చూపెడ్తది. నీకెందుకవ్వా? ఇన్నేండ్లు కండ్లల్ల ఒత్తులేసుకుని కూసున్నవ్. జర నిమ్మలంగ ఉండు."

కొట్టాను. పైన 'ఈ నాటి గాలి' అని తలకట్టు, దాని కింద తొమ్మిది గల్లీలు. సర్దు అని కొట్టి పెద్ద మీట నొక్కాను. నోట్లో ఉమ్మి మింగేలోపు పనైపోయింది. బూర మోగలేదు. తెర మీద ఒక్క మాట పడింది:

8 వరసలు సర్దాను.

అంత త్వరగా ఎట్లా అయిందోనని ఇంకా భయంగానే ఉంది.

రెండో రోజు

నిద్ర లేదు. గల్లీలు తొమ్మిదైతే వరసలు ఎనిమిదెట్లా అవుతాయి? పొద్దున డ్యూటీకి రాగానే మళ్ళీ అదే పడింది. 8 వరసలు సర్దాను. సారు వచ్చేదాకా కాలు ఒకచోట నిలవలేదు. గది రెండుసార్లు ఊడ్చాను.

"సారూ, ఒకటి తక్కువ జెప్తంది."

ఆయన తెర చూసి నవ్వాడు. "ఇవన్ని సున్నా కాడికెల్లి లెక్క పెడ్తయి అవ్వా. వాటికి మొదటిది సున్నా, రెండోది ఒకటి. గట్ల పోంగ పోంగ తొమ్మిదోది ఎనిమిదైతది."

"మరి సున్నా అంటే ఏం లేదనే గద?"

"మనకు లేదు. దానికుంటది. పెద్ద సదువుల్ల గట్లనే చెప్తరు."

పెద్ద చదువుల్లో చెప్పేది కాదనడానికి నేనెవరిని? సరే అన్నాను. ఊడ్చిన గదిలో కూర్చుని మనసులో తొమ్మిది గల్లీలనూ సున్నా నుంచి లెక్కపెట్టి చూశాను. ఎనిమిదే వచ్చింది. కొంచెం కుదుటపడ్డాను.

నాలుగో రోజు

పనిలో విశేషం లేదు. ఎనిమిది వరసలు సర్దింది. తెర మీద బొగ్గు మసి తుడిచాను. పుట్టగొడుగుల మడికి నా వంతు నీళ్ళు పోసి వచ్చాను.

మధ్యాహ్నం మాటల గొట్టంలో చెల్లె పిలిచింది. మా చెల్లె కొమురవ్వ ఆరున్నొకటో గల్లీలో ఉంటుంది. ఆ అంకె అసలు పేరు పలికితే ఏడుపును పిలిచి పీట వేసినట్టేనని మా బాయిలో ఎవరూ పలకరు. బళ్ళో పిల్లలు కూడా ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది అనే చదువుతారు. గల్లీ దర్వాజ మీద సున్నంతో రాసిందీ అదే. చిట్టాలో నేను కొట్టేదీ అదే.

"అక్కా, బతికే ఉన్నవా? నిన్న గొట్టంల నీ ఏడుపు ఇనరాలేదు, పోయినవేమో అనుకున్న."

"నోరు మంచిది జేసుకోయే. ఏమైంది?"

"ఏం గాలె. తల నొస్తంది. మా గల్లీల అందరికి గట్లనే ఉంది. మా పక్కింటి సరోజన అయితే పొద్దుగాల లేసి మళ్ళ పండింది."

"జరమా? ఒళ్ళు కాలుతుందా?"

"ఇగో, సురువు జేసినవ్. ఒట్టి తలనొప్పే. నీకు జెప్పుడే నాది బుద్ధి తక్కువ. నువ్వు పాడె మీద పండి గూడ, మోసెటోళ్ళు జారిపడ్తరేమో అని బయపడ్తవ్."

అని నవ్వింది. నవ్వుతుంటే ఆయాసం వచ్చి మధ్యలో ఆగిపోయింది. దానికి ముందు నుంచీ ఆయాసం ఉంది. నాకన్నా ఆరేళ్ళు చిన్నదైనా నాకన్నా ముసలిదానిలా రొప్పుతుంది.

ఆరున్నొకటో రోజు

ఎనిమిది వరసలు సర్దింది.

చెల్లె గల్లీకి స్వయంగా వెళ్ళి వచ్చాను. దర్వాజ తెరిచే ఉంది. లోపల పట్టపగలు సగం మంది పడుకుని ఉన్నారు. నీళ్ళ బిందె దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు ఎందుకో తెలియకుండానే జుట్టు పట్టుకునేదాకా పోయారు. పిల్లలు ఆవలిస్తున్నారు. చెల్లె అంబలి కలుపుతూ గరిటె చేతిలో పట్టుకుని మరిచిపోయి కూర్చుంది. నేను అక్కడ రెండు గడియలు ఉన్నానో లేదో నాకూ కణతలు కొట్టుకోవడం మొదలైంది.

అంటుకుందని అప్పుడే అనుకున్నాను. పన్నెండేళ్ళ కిందట నాలుగో గల్లీలో జ్వరం ఇట్లాగే మొదలైంది. ముందు తలనొప్పి, తర్వాత నిద్ర. దర్వాజ మూయడానికి పంచాయితీ వాళ్ళు నాలుగు రోజులు తర్జనభర్జన పడ్డారు. ఆ నాలుగు రోజుల్లో అది మా గల్లీకి వచ్చింది. నా పెనిమిటి అందులోనే పోయాడు.

అటు నుంచి అటే నర్సు పుష్పలీల దగ్గరికి పోయాను.

"ఓదెవ్వా, ఒళ్ళు ఎవ్వలకు గాలుతలేదు. నేను సూసిన."

"నాలుగో గల్లీల గూడ మొదట కాలలే నర్సమ్మా. నీకు తల నొస్తలేదా?"

ఆమె చెయ్యి కణత మీదికి పోయింది. "ఆడికి పోయి వచ్చినప్పటి సంది నొస్తంది," అంది మెల్లగా.

"మరి? ఇంక ఎన్ని రోజులు సూస్తవ్? ముప్పై మంది పోయినంకనా?"

నేను అంత గట్టిగా ఎవరితోనూ మాట్లాడి ఎరగను.

తొమ్మిదో రోజు

ఎనిమిది వరసలు సర్దింది.

నిన్న, మొన్న రెండు రోజులూ పంచాయితీ వాళ్ళ వెంటబడ్డాను. అందరూ నన్ను చూసి పక్క సందులోకి తప్పుకున్నారు. నాకు సిగ్గనిపించలేదు. పుష్పలీల కూడా చెప్పడంతో ఈ రోజు పొద్దున ఆరున్నొకటో గల్లీ దర్వాజ మూశారు. సందుల్లో తడిగుడ్డలు కుక్కారు. కింద ఒక్క చోట మాత్రం గిన్నె పట్టేంత సందు వదిలి, అందులోంచి అంబలి, కషాయం లోపలికి తోస్తున్నారు. పదిరోజులు ఎవరూ బయటికి రాకూడదు, ఎవరూ లోపలికి పోకూడదు.

చెల్లె గొట్టంలో తిట్టింది. "నువ్వేనట గద మూపిచ్చింది! సొంత చెల్లెను బీరువల బెట్టి తాళమేసినట్టు ఏసినవ్. పెనిమిటి పోయిన కాడికెల్లి నీకు దర్వాజలంటే మస్తు ఇష్టమైపోయింది."

"పదిరోజులే చెల్లే. కషాయం తాగు. దుప్పటి కప్పుకో. తిరగకు."

"తిరుగుదామన్నా కాళ్ళు లేస్తలేవు తియ్. ఇగ ఇను, నేను పోతే నా ఇత్తడి చెంబు సరోజనకియ్యి. నీకియ్య. నువ్వు దానికి గూడ దిష్టి తీస్తవ్."

తిట్టే ఓపిక ఉందంటే బాగానే ఉన్నట్టు. దర్వాజ మూశాక రెండో గల్లీకి వచ్చి, చాలా రోజుల తర్వాత కడుపు నిండా తిన్నాను. ఈ మాట ఇక్కడ రాయకపోయినా ఎవరికీ తెలియదు. అయినా రాశాను.

పదకొండో రోజు

ఎనిమిది వరసలు.

గొట్టంలో నేనే పిలిచాను. చాలాసేపటికి పలికింది. పెదాలు గొట్టానికి ఆనించి ఉంచినట్టుంది, మాట కన్నా ఊపిరే ఎక్కువ వినిపించింది.

"కొమురీ, కషాయం తాగినవా?"

"అవ్వా," అంది.

"నేనే, అక్కను."

"అవ్వా, అక్క నన్ను కొట్టింది. నా గాజులు తీసుకుంది."

అరవై ఏళ్ళ కిందటి మాట అది. నేను నిజంగానే తీసుకున్నాను. ఎర్ర గాజులు. మేం అవ్వా అని పిలిచే మా అమ్మ అప్పుడు నన్నే కొట్టింది.

"ఇస్తది బిడ్డా," అన్నాను. "ఇస్తది. నువ్వు పండు."

"ఈడ శాన ఉక్కపోస్తంది అవ్వా. పోరగాండ్లను దర్వాజ కింద సందు కాడ పండబెట్టుమన్న. ఆడ జర సల్లగుంది. మేం ముసలోళ్ళం లోపలి గోడ కాడికి జరిగినం."

ఆ మాట నేను విన్నాను. చెవులారా విన్నాను. దర్వాజ సందు దగ్గర చల్లగా ఎందుకుంటుందో, లోపల ఉక్క ఎందుకుంటుందో ఆరేళ్ళుగా గాలి చిట్టా కొడుతున్న దాన్ని, ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. జ్వరం తలకెక్కిందనుకున్నాను. ఇంకో గిన్నె కషాయం ఎక్కువ పంపమని పుష్పలీలకు చెప్పి వచ్చాను.

పన్నెండో రోజు

ఇది తర్వాత కూర్చుని రాస్తున్నాను. వరస తప్పితే తప్పి ఉండొచ్చు.

పొద్దున చిట్టా కొట్టడానికి కూర్చున్నాను. మనసు చెల్లె దగ్గరే ఉంది. తలకట్టు కొట్టాను. ఒకటో గల్లీ పదకొండు గంటలు అని కొట్టాను. తర్వాత రెండో గల్లీ కొట్టాలి. చెయ్యి దాని పాటికి అది పోయి సర్దు అని కొట్టి పెద్ద మీట నొక్కేసింది.

 పెట్టె గంట మోగాకే చదువుతుంది, ఇంకా టైముంది, మళ్ళీ కొట్టుకోవచ్చు అని నాకు నేనే చెప్పుకుంటూ తెర చూశాను.

1 వరస సర్దాను.

ఒక్కటే కొట్టాను. ఒకటే అంది.

సున్నా నుంచి లెక్కపెట్టేదైతే సున్నా అనాలి కదా?

మళ్ళీ మొత్తం కొట్టాను. 8 వరసలు సర్దాను. చూపెట్టుమంటే చూపెడ్తదని సారు మొదటి రోజు అన్న మాట గుర్తు తెచ్చుకుని 'చూపు' అని కొట్టాను. అది సర్దిన చిట్టా తెర మీదికి వచ్చింది. మాటలన్నీ అంకెలైపోయి ఉన్నాయి. తెర మీద వేలు పెట్టి చదివాను. 1. 2. 3. 4. 5. 6. దాని కింద 8.

ఆరు ఒక్కసారే ఉంది. నేను ఆరో గల్లీ కొట్టాను, ఆరున్నొకటో గల్లీ కొట్టాను. అవతలి బాయి వాళ్ళు ఆ అంకెను అసలు పేరుతోనే పిలుస్తారు కాబోలు. వాళ్ళ పనిముట్టుకు మా మాట తెలియదు. ఆరు అన్న ముక్క దొరికింది. వెనక ఉన్నది ఎక్కువ తక్కువ రాత అనుకుంది, తీసేసింది. ఇప్పుడు ఆరు రెండుసార్లు పడిందనుకుంది. ఒకటి తీసేసింది. రెండు గల్లీలకూ పది గంటలే కాబట్టి ఆరో గల్లీ వాళ్ళకు తేడా తెలియలేదు.

చిట్టాలో వరస లేని గల్లీని పెట్టె ఖాళీ గల్లీ అనుకుంటుంది. ఖాళీ గల్లీకి బూజు పట్టకుండా రోజుకు రెండు గంటలు గాలి వదులుతుంది. నలభై ఒక్క మంది అందులో పన్నెండు రోజులుగా ఉన్నారు. దర్వాజ తెరిచి ఉన్నన్నాళ్ళూ పక్క గల్లీల గాలి వాళ్ళను కాపాడింది. ఆ దర్వాజ నేను మూయించాను.

సరిగ్గా కొట్టాలి, గంట మోగేలోపే కొట్టాలి. ఎట్లా కొట్టాలో తెలుసు. రెండక్షరాలు.

కొట్టలేకపోయాను. ఇది ఎవరూ అడగలేదు, అడగరు కూడా, అందుకే రాస్తున్నాను. నా చెల్లె ఉన్న గల్లీ పేరు పక్కన నా చేత్తో ఆ మాట పెట్టడమా అనుకున్నాను. అప్పుడు, అంత తెలిసీ, అదే అనుకున్నాను. వేలు మీట మీద ఆనించి ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. పది ఊపిర్లు కావచ్చు. వంద కావచ్చు.

ఏడో గల్లీ పది గంటలు.

9 వరసలు సర్దాను.

లేచి పరిగెత్తాను. పరిగెత్తడమంటే గోడ పట్టుకుని పోవడమే. దారిలో సదానందం సారు ఎదురయ్యాడు. "జరం గాదు సారూ, గాలి లేదు, దర్వాజ తియ్యుండ్రి" అని అరిచాను. ఎప్పుడూ భయపడే ముసలిదే కదా అని ఒక్క క్షణం నా మొహం చూశాడు. తర్వాత ఏం కనిపించిందో ఏమో, నాకన్నా ముందు పరిగెత్తాడు.

దర్వాజ దగ్గర కాపలా ఉన్న పుష్పలీల అడ్డం నిలబడింది. "పదిరోజులన్నరు గద, తీస్తే అందరికి అంటుకుంటది!"

"నీకు తలనొప్పి ఎప్పుడు తగ్గింది నర్సమ్మా?" అన్నాను.

"ఆడికి పోవుడు బంద్ జేసినంక..." అని ఆగిపోయింది. తడిగుడ్డలు తనే పీకింది.

లోపలి నుంచి వచ్చిన గాలి వాడిన ఆకుల వాసన వేసింది. కింది సందు దగ్గర పిల్లలు ఒకరి మీద ఒకరు మూతులు సందు వైపు పెట్టి పడుకుని ఉన్నారు. పధ్నాలుగు మంది. అందరూ కదిలారు. వాళ్ళ వెనక తల్లులు, వాళ్ళ వెనక మగవాళ్ళు. సరోజన మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చి నా చీర కొంగు పట్టుకుంది.

లోపలి గోడ దగ్గర నలుగురు ముసలివాళ్ళు గోడకు ఆనుకుని వరసగా కూర్చుని ఉన్నారు. మా చెల్లె చివరన ఉంది. గొట్టం ఆమె భుజం పక్కనే ఉంది. చెయ్యి పట్టుకున్నాను. ఇంకా చల్లబడలేదు. గల్లీ అంతా అంత ఉక్కగా ఉంటే ఎట్లా చల్లబడుతుంది? దాన్నిబట్టి ఎప్పుడు పోయిందో చెప్పలేమని పుష్పలీల అంది. పొద్దునో, నేను మీట మీద వేలు పెట్టుకుని కూర్చున్నప్పుడో, చెప్పలేమంది.

పధ్నాలుగో రోజు

నలుగురినీ పైకి తీసుకుపోయి పూడ్చారు. ఎండ వల్ల నన్ను రానియ్యలేదు.

పంచాయితీ కూర్చుంది. నేను నిలబడి మొత్తం చెప్పాను. వరస తక్కువైందని రెండో రోజే కనిపించిందని, చూపు అని కొట్టి చూడలేదని, దర్వాజ మూయించింది నేనని, చివర్లో కూడా ఆలస్యం చేశానని. ఒక్కటీ వదల్లేదు.

సదానందం సారు లేచాడు. "అవ్వ తప్పేం లేదు. సున్నా కాడికెల్లి లెక్క అని చెప్పింది నేను. కానీ అసలు తప్పు ఆ సర్దు బిళ్ళది. మన మాట దానికి నేర్పకుంట తెచ్చుకున్నం."

"గంతే మరి," అన్నారు ఒకరు. "మిషన్ తప్పుకు ముసలామెనేమంటం?"

"నేనే మూపిచ్చిన," అన్నాను.

"జరం అనుకున్నవ్. మేం గూడ అనుకున్నం గద. కూసో అవ్వా."

"నన్ను కూసోబెట్టకుండ్రి. ఏదన్న అనుండ్రి."

 ఒకామె లేచి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. సరోజన వైపు చూశాను. ఆమె గల్లీ, ఆమె మనుషులు, ఆమెకైనా కోపం వస్తుందనుకున్నాను. "చెల్లె పోయిన దుఃఖంల ఉంది, ఇంటికి తోలుకపోండ్రి" అంది. ఆమె కళ్ళల్లో నా మీద జాలి తప్ప ఇంకేం లేదు.

ఇకనుంచి పిల్లలకు బళ్ళో ఆ అంకె అసలు పేరే నేర్పాలని, దర్వాజ మీద సున్నంతో రాసింది చెరిపి అదే రాయాలని తీర్మానం చేశారు. వెంటనే ఒకరు బ్రష్షు పట్టుకుని వెళ్ళారు. అంతే పంచాయితీ. అరగంట పట్టలేదు.

ఇంటికి వచ్చాను. నాకు తెలిసిన మనిషి ఎవరైనా నన్ను నోరారా తిడితే బాగుండునని కూర్చున్నాను. బాయిలో అట్లా తిట్టగలిగినది ఒక్కతే ఉండేది.

పదిహేనో రోజు

ఇంక ఈ పని నావల్ల కాదని చెప్పడానికే పొద్దున వచ్చాను. సదానందం సారు నా కన్నా ముందే వచ్చి కూర్చుని ఉన్నాడు. ఆయన కళ్ళు కూడా వాచి ఉన్నాయి. చేతిలో చీటీ ఉంది.

"ఇంకెవరున్నరు అవ్వా," అన్నాడు నేను నోరు తెరవకముందే. "నువ్వొక్కదానివే 'చూపు' అని కొట్టి సూసినవ్. ఇంకెవ్వలైనా ఇప్పటికీ ఎనిమిదే సర్దుతుండెటోళ్ళు."

పొగిడాడో ఏమిటో తెలియలేదు. కూర్చున్నాను. బయట తొమ్మిది గల్లీల వాళ్ళు గాలి కోసం ఉన్నారు. నేను లేచి వెళ్ళిపోతే గంట మోగుతుంది, పెట్టె చదవడానికి ఏమీ ఉండదు.

తలకట్టు కొట్టాను. ఒకటో గల్లీ కొట్టాను.

"రెండో గల్లీ పది," అన్నాడు.

"మాది తొమ్మిది గద సారూ?"

ఆయన చీటీ వైపే చూస్తూ చెప్పాడు. "ఏడో గల్లీల నలుగురు తక్కువైండ్రు. వాళ్ళకు ఇగ పది అక్కర లేదు, తొమ్మిది సాలు. మీ పక్కింటి స్వరూపకు పిల్ల పుట్టింది గద, మీ గల్లీ అప్పటి సంది ఒక గంట అడుగుతనే ఉంది. మిగిలింది ఆడ కలిపిన. పద్ధతి గదే అవ్వా. మనసుల ఏం పెట్టుకోకు."

మనసులో ఏం పెట్టుకోకుండా కొట్టాను. రెండో గల్లీ పది గంటలు. ఏడో గల్లీ తొమ్మిది గంటలు. 9 వరసలు సర్దాను. చూపు అని కొట్టి ఒక్కో వరస వేలు పెట్టి చదివాను. ఒక్క తప్పు లేదు. గంట మోగింది.

సాయంత్రం ఇంటికి పోయేసరికి మా గల్లీలో సందడిగా ఉంది. స్వరూప పిల్లను ఒళ్ళో వేసుకుని గడప బయట కూర్చుంది.

"ఓదెవ్వా, ఇయ్యాల గాలి ఎంత మంచిగ ఆడుతుందో సూసినవా? పిల్ల పొద్దటి సంది ఒక్కసారన్న ఏడ్వలే. దా, జర సేపు కూసో."

కూర్చున్నాను. తూము నుంచి గాలి చల్లగా మెడ మీదికి వస్తోంది. పిల్ల ముక్కుపుటాలు చిన్నగా కదులుతున్నాయి. పిల్లకు కావాలి ఆ గాలి, కాదనడానికి లేదు. నాకు వద్దు.

మొహం అటు తిప్పుకుని ఊపిరి బిగబట్టాను. ఎంతసేపు ఆపగలనో చూద్దామనుకున్నాను. ఛాతీ మండింది. కళ్ళు నీళ్ళు తిరిగాయి. గట్టిగానే పట్టాను. అయినా ఇరవై లెక్కపెట్టేసరికి నోరు దానంతట అదే తెరుచుకుని, గాలి లోపలికి వచ్చేసింది.